దొంగ బాస ఎవరిది?

చిన్నప్పుడు మా మాదిగవాడలో పిల్లలందరికీ ‘క బాస’ వొచ్చు. దాన్ని ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, విని పట్టుకోవాల్సిందే. ప్రతి అక్షరానికీ ముందు ఒక ‘క’ చేర్చడమే దాని వ్యాకరణమంతా. ‘రేపు రాము’ అనాలంటే ‘కరే కపు కరా కము’. నిదానంగా అంటే ఎవరికైనా తెలిసిపోతుంది, గడగడా అంటే కాకుల గోల. ఇది మా ఒక్క ఉదయగిరి మెట్టలో పుట్టింది కాదు, తెలుగునాట శానా ఊళ్ళలో ఉన్నదే. అయితే మా వాడలో అది పిల్లల ఆటతో ఆగలేదు. మా అమ్మ బడి గడప తొక్కలేదు, ఓనమాలు తెలీవు. ఆత్మకూరు పక్క నాట్లకో కోతలకో పోయినప్పుడు, గట్టుమీద ఆసామి నిలబడి ఉండగానే, కూలి సంగతి ఆడోళ్ళు ఈ బాసలోనే తేల్చుకునేవాళ్ళు. ‘కరే కపు కరా కము’ అని ఒకామె పాటలాగా అనేది, మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. ఆసామికి అర్థమయ్యేది కాదు. మరుసటి రోజు మడిలో మనుషులు లేకపోతే అప్పుడు అర్థమయ్యేది.

ఆసామి దీన్ని ‘మాదిగోళ్ళ కాకి గోల’ అనేవాడు. అంతకుమించి పట్టించుకునేవాడు కాదు. మా మాటలకు ఆయన పెట్టిన పేరు ‘గోల’. మా వాడకు ఆవల, గుట్ట కింద ఈతబరికెల తట్టలు అల్లుకుంటూ, పందులు మేపుకుంటూ ఉండిన ఎరుకల వాళ్ళ మాటలకు పెట్టిన పేరు వేరే. దాన్ని ‘దొంగ బాస’ అన్నారు. ఆ మాట రెడ్లే కాదు, మేమూ అన్నాం. నేనూ అన్నాను. ఈ వ్యాసం అక్కడి నుంచి మొదలుపెట్టకపోతే అబద్ధమవుతుంది.

నాతోపాటు చదివే ఎరుకల పిల్లోడు ఒకడు ఉండేవాడు. క బాసను వాడు రెండు రోజుల్లో పట్టేశాడు, మాకంటే గడగడా అనేవాడు. వాళ్ళమ్మ బడి దగ్గరికొచ్చి వాడితో రెండు ముక్కలు ఇంటి బాసలో మాట్లాడి పోతే మాత్రం మేము చుట్టూ చేరి ‘ఏం దొంగతనం మాట్లాడుకున్నార్రా’ అని ఎగతాళి చేసేవాళ్ళం. అయ్యవారు కూడా నవ్వేవాడు. మేము కల్పించుకున్న బాసను వాడు నేర్చుకున్నాడు. వాడు పుట్టుకతో మాట్లాడే బాసలో నీళ్ళను ఏమంటారో మాలో ఒక్కడూ అడగలేదు.

యూనివర్సిటీకి వచ్చినాక లైబ్రరీలో ఎడ్గర్ థర్‌స్టన్ పుస్తకం చూశాను. మద్రాసు మ్యూజియానికి సూపరింటెండెంటుగా ఉండి, ఊరూరా మనుషుల తలలూ ముక్కులూ కొలిచినవాడు. కె. రంగాచారి సాయంతో 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చేశాడు. కులాల మీద మనవాళ్ళు రాసే ఏ సిద్ధాంత వ్యాసమైనా, తిట్టేదైనా పొగిడేదైనా, ఈ సంపుటాల మీదుగా పోవాల్సిందే. ఇంగ్లీషు అక్షర క్రమం పుణ్యమా అని కోమట్లూ కొరవలూ ఒకే మూడో సంపుటంలో పడినారు. కొరవల కిందనే ఎరుకల వాళ్ళనూ కలిపేశాడు. ఆ రెండు అధ్యాయాలను పక్కపక్కన పెట్టి చదవండి.

కోమట్లకు వ్యాపారంలో వాడుకునే గుట్టు భాష ఒకటి ఉందని థర్‌స్టన్ రాస్తాడు. అంకెలకు మారుపేర్లు పెట్టి, కొనేవాడు ఎదురుగా ఉండగానే ఆ సరుకు అసలు ధర ఎంతో, ఎంతకు ఇవ్వొచ్చో మాట్లాడుకునే పద్ధతి అది. నిజంగా కల్పించుకున్న భాష. అవతలివాడికి తెలియకూడదనే పుట్టింది. కొనేవాడు రైతు కావొచ్చు, మా తాతలాంటి కూలోడు కావొచ్చు, వాడి గోచి విప్పడానికే ఆ లెక్క. అయినా దాన్ని నేరం కింద కట్టలేదు. అది వర్తకుల తెలివి, ఆచార వ్యవహారాల్లో ఒక వింత. కొరవల అధ్యాయానికి వొచ్చేసరికి పుటలకు పుటలు దొంగతనాలే. కన్నం ఎట్లా వేస్తారు, శకునం ఎట్లా చూస్తారు, సొత్తు ఎక్కడ దాస్తారు. ఇందులో శానా భాగం పోలీసుల రాతల నుంచి వచ్చిందే. అంతకు ముందే 1892లో ముల్లాలీ అనే పోలీసు అధికారి మద్రాసు రాజధాని ‘నేరస్థ వర్గాల’ మీద పుస్తకం రాశాడు. 1905లో ఎం. పాపారావు నాయుడు, మన తెలుగు పేరే, ఎరుకల వాళ్ళ ‘చరిత్ర’ను ఇంగ్లీషులో రాశాడు. ఎరుకల వాళ్ళ మొదటి చరిత్రకారులు పోలీసులన్నమాట! ఈ దేశంలో ఎన్ని కులాలకు ఆ భాగ్యం దక్కింది?

ఇక్కడ తప్పు ఎరుకల భాషను చెడ్డగా వర్ణించడంలో మాత్రమే లేదు. అసలు గుట్టు భాష కానిదాన్ని గుట్టు భాషగా వినడంలో ఉంది. ఎరుకల వాళ్ళు తమను కుర్రు అని చెప్పుకుంటారు. వాళ్ళది కుర్రు బాస. అది తమిళానికి దగ్గర చుట్టమైన ద్రావిడ భాష. దాన్ని ఎవరూ ఎవరినీ మోసం చేయడానికి కల్పించలేదు. తల్లులు బిడ్డలకు పాలిస్తూ మాట్లాడింది. ఇది ఈనాటి భాషాశాస్త్రం కనిపెట్టిన కొత్త సంగతి కూడా కాదు. ఆ సర్కారే వేయించిన గ్రియర్సన్ భాషా సర్వేలో ద్రావిడ భాషల సంపుటం 1906లో వచ్చింది. కొరవ, ఎరుకల మాటను అది తమిళం కింద ఒక మాండలికంగా పెట్టింది. అంటే థర్‌స్టన్ సంపుటాలకు మూడేళ్ళ ముందే ఒక ఆఫీసులో అది భాష. పక్క ఆఫీసులో దాన్ని మాట్లాడేవాళ్ళు పుట్టు దొంగలు. రెండు ఫైళ్ళూ ఒకే ప్రభుత్వానివి. మా ఊరి దాకా వచ్చింది రెండో ఫైలే.

మరి తెలుగు నేల మీద తమిళం లాంటి భాష ఎందుకుంది? ఈ ప్రశ్నకు జవాబు దొంగతనంలో లేదు, ఉప్పులో ఉంది. మీనా రాధాకృష్ణ 2001లో అచ్చయిన తన పుస్తకంలో కొరవల బతుకును ఆర్థిక చరిత్రగా చెప్పింది. వీళ్ళు ఎద్దుల మీద, గాడిదల మీద కోస్తా ఉప్పును లోపలి సీమలకు మోసి, అక్కడి ధాన్యాన్ని తెచ్చి అమ్ముకున్న సంచార వర్తకులు. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల అని ఈనాటికీ ఉన్న పేర్లు వాళ్ళు మోసిన, అమ్మిన, అల్లిన వాటి పేర్లే. ఉదయగిరి, ఆత్మకూరు ఎక్కడున్నాయో పటంలో చూస్తే సంగతి అర్థమవుతుంది. తూర్పున సముద్రం, ఉప్పు కొఠార్లు. పడమట వెలికొండలు, వాటి కనుమలు దాటితే కడప సీమ. మన చరిత్ర పుస్తకాల్లో ఉదయగిరి అంటే 1514లో కృష్ణదేవరాయలు గజపతుల దగ్గర గెలుచుకున్న దుర్గమే. కొండమీద కోటకు చరిత్ర ఉంది, కొండ సందుల్లో ఉప్పు మోసినవాడికి లేదు. రైలొచ్చింది. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం బిగిసింది. ఎద్దుల మీద సరుకు మోసేవాడికి పని పోయింది. పని లేకుండా తిరిగేవాడు, అర్థం కాని మాట మాట్లాడేవాడు పోలీసు కంటికి ఎట్లా కనిపిస్తాడో చెప్పక్కర్లేదు. 1871లో ఉత్తరాదిన పుట్టిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. మన జిల్లాలోనే కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేతికింద సెటిల్‌మెంటు నడిచింది. గుంటూరు జిల్లా స్టువర్టుపురం సాల్వేషన్ ఆర్మీది. పేరు రిజిస్టరులో ఎక్కితే వేలిముద్ర, హాజరు, ఊరు దాటాలంటే చీటీ. ఆ రిజిస్టరు ఏ భాషలో ఉందో గుర్తుంచుకోండి. తన పేరు ఎదురుగా ఏం రాశారో చదువుకోలేని మనిషి కింద వేలిముద్ర వేశాడు. గుట్టు భాష అనే మాటకు సరైన అర్థం కావాలంటే అది అక్కడ ఉంది.

ఎవరైనా అడగొచ్చు, దొంగలు మారుమాటలు వాడుకోలేదా అని. వాడుకున్నారు. దొంగతనం చేసిన ఎరుకలోళ్ళూ ఉన్నారు, రెడ్లూ ఉన్నారు. దొంగలకు ఎక్కడైనా మారుమాటలు ఉంటాయి. పశువుల సంతలో తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకునే దళారులకూ ఉంటాయి. నా తగాదా ఆ మారుమాటలతో కాదు. పది మంది దొంగల మారుమాటలను, ఒక కులం మొత్తం తల్లిభాషను ఒకే గంపలో వేసి మూత పెట్టడంతో. చట్టమూ అదే పని చేసింది. కొందరి నేరాన్ని పుట్టుకగా మార్చింది.

ఈ చూపు తెల్లవాడు ఓడలో తెచ్చింది మాత్రమేనా? మన విమర్శలో ఒక సోమరితనం ఉంది, అన్నిటినీ వలసపాలన మీద తోసేసి చేతులు కడుక్కోవడం. వాత్స్యాయనుడు చెప్పిన అరవై నాలుగు కళల్లో ‘మ్లేచ్ఛిత వికల్పం’ ఒకటి. అంటే మాటలను, రాతలను ఇతరులకు తెలియకుండా మార్చుకునే విద్య. అది నాగరికుడికి ఉండాల్సిన కళ. కళకు పెట్టిన పేరు మాత్రం మ్లేచ్ఛుడిది! నాగరికుడు అర్థం కాకుండా మాట్లాడితే కళ, మ్లేచ్ఛుడు అట్లా మాట్లాడితే అది వాడి జాతి. భారతం ఆదిపర్వంలో లక్క ఇల్లు కథ అందరికీ తెలుసు. వారణావతానికి పోబోతున్న ధర్మరాజుకు విదురుడు పక్కవాళ్ళకు తెలియని మర్మపు మాటల్లో రాబోయే ప్రమాదం చెబుతాడు. ఏం చెప్పినాడు నాయనా అని తర్వాత కుంతి అడగాల్సి వస్తుంది. సంస్కృత మూలంలో ఆ మాటను మ్లేచ్ఛ వాక్కు అని కూడా అంటారు. విదురుడి నేర్పును మనకు బడిలో మెచ్చుకోమన్నారు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరు కాలిపోయినారు? అన్నం కోసం వచ్చి తాగి పడుకున్న ఒక నిషాద స్త్రీ, ఆమె ఐదుగురు కొడుకులు. గుట్టు మాట తెలిసినవాళ్ళు సొరంగంలో బయటపడినారు. తెలియనివాళ్ళ శవాలు వాళ్ళ బదులు లెక్కకు వచ్చినాయి. భారతం ఆ ఆరుగురికి పేర్లు కూడా పెట్టలేదు.

ఇంత దూరం పోనక్కర్లేదు. ఉదయగిరికి పడమట కొండలు దాటి, బద్వేలు మీదుగా పోతే బ్రహ్మంగారి మఠం. మా వాడలో ముసలోళ్ళు పోతులూరి వీరబ్రహ్మం పేరు తలవకుండా మాట్లాడరు. ఆయన దూదేకుల సిద్ధయ్యను శిష్యుడిగా తీసుకున్నాడని, కులాన్ని లెక్కచేయలేదని మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. నేనూ చెబుతాను. ఆ చరిత్రలోనే మాదిగ కక్కయ్య కథ ఉంది. బ్రహ్మంగారు సిద్ధయ్యకు దేహతత్వం బోధిస్తున్నాడు. శరీరంలో ఫలానా ఫలానా చోట కమలాలు, వాటిలో దేవతలు అని. యోగుల మర్మ భాష అది. చాటుగా ఉండి విన్న కక్కయ్య ఇంటికి పోయి నిద్రపోతున్న పెళ్ళాన్ని కోసి చూశాడు. దేవతలు లేరు. నెత్తురు ఉంది. పరుగెత్తి వచ్చి ‘నువ్వు చెప్పింది అబద్ధం’ అని నిలదీశాడు. బ్రహ్మంగారు ఆమెను బతికించినాడు, కక్కయ్య కాళ్ళమీద పడి శిష్యుడయ్యాడు.

ఈ కథను అందరూ గురువు మహిమగా చెబుతారు, కక్కయ్య మూఢత్వంగా నవ్వుతారు. మా జేజి చెప్పేటప్పుడు నవ్వేది కాదు. ‘పాపం ఆ బిడ్డ’ అనేది, కక్కయ్య పెళ్ళాన్ని గురించి. నాకు ఈ కథ గుట్టు భాష గురించి మన దగ్గర ఉన్న అతి భయంకరమైన కథ. సిద్ధయ్యకు కమలమంటే ఏందో తెలుసు, ఎందుకంటే ఆయన ఎదురుగా కూర్చున్నాడు. కక్కయ్య చాటున నిలబడినాడు. ఎందుకు చాటున నిలబడాల్సి వచ్చిందో కథ చెప్పదు, మాదిగ అన్న మాటలోనే ఆ కారణం సర్దేసింది. బోధ చెవిన పడింది, తాళంచెవి చేతికి రాలేదు. మాటను ఉన్నది ఉన్నట్టు నమ్మినవాడు అతనొక్కడే. నమ్మి, పరీక్షించి, లేదని తేల్చుకుని అడిగినవాడూ అతనొక్కడే. అయితే అతని పరీక్షకు బలైంది ఒక మాదిగ ఆడమనిషి శరీరం. కక్కయ్యను మన తొలి హేతువాదిగా నిలబెట్టాలని నాకు ఒకప్పుడు ఆవేశం ఉండేది. ఒక సభలో అట్లాగే మాట్లాడితే వెనక కూర్చున్న ఒక అక్క లేచి ‘మరి ఆమె?’ అని ఒక్క మాట అడిగింది. జవాబు చెప్పలేకపోయినాను. లక్క ఇంట్లో నిషాద స్త్రీ, ఇక్కడ ఈమె. మర్మ భాష కథల్లో కాలేదీ తెగేదీ ఎవరో చూశారా?

ఇక మన సొంత విమర్శ సంగతి. హాలిడే అనే భాషాశాస్త్రజ్ఞుడు 1976లో ‘ప్రతిభాష’ల మీద ఒక వ్యాసం రాశాడు. ఎలిజబెత్ కాలపు ఇంగ్లండులో దేశదిమ్మరుల మాట, పోలండు జైళ్ళ ఖైదీల మాట, భక్తిప్రసాద్ మల్లిక్ సేకరించిన కలకత్తా నేరలోకపు మాట, ఈ మూడింటినీ తీసుకుని, సమాజం వెలివేసిన వాళ్ళు ఎదురు సమాజం కట్టుకుని దానికి ఎదురు భాష అల్లుకుంటారని వాదించాడు. విలువైన వాదమే. అది చదివిన మత్తులో నా ఎం.ఫిల్. వ్యాసంలో ఎరుకల భాషను ‘ధిక్కార భాష’ అని రాశాను. మార్కులు బాగానే వచ్చినాయి. ఈ మధ్య మనవాళ్ళ వ్యాసాల్లో ఈ పోకడ ఎక్కువైంది. సంచార జాతుల మాట ఏది దొరికినా తిరుగుబాటు, గుప్త ప్రతిఘటన అని పేరు పెట్టడం. పోలీసు తిట్టుగా అన్నదాన్ని మనం మెప్పుగా అంటున్నాం, అంతే తేడా. ఆ భాష పనంతా దాచడమేనన్న మొదటి మాట అట్లాగే నిలబడింది. ఎరుకల తల్లి బిడ్డను నిద్రపుచ్చేటప్పుడు ఎవరిని ధిక్కరిస్తున్నట్టు? ఏ రెడ్డి పిల్లకు జోలపాడినా అది జోలే గదా. మన జోల మాత్రం ఎందుకు ప్రతిఘటన కావాలి?

ప్రతిభాష అని హాలిడే అన్నదానికి మా దగ్గర సరిపోయేది ఏదన్నా ఉంటే అది మా అమ్మవాళ్ళ క బాస. కావాలని అల్లింది, ఆసామి చెవికి అందకూడదని వాడింది. దాన్నీ పెద్దది చేయను. దానితో కూలి అర్ధరూపాయి పెరిగిన రోజులు ఉన్నాయి, పెరగక మూడో రోజుకు మళ్ళీ అదే మడిలో దిగిన రోజులు ఎక్కువ. దాని బలమల్లా ఆసామి దాన్ని నేర్చుకోదగిందని అనుకోకపోవడమే. వినే తీరిక ఉంటే ఒక పూటలో పట్టేసేవాడు.

ఈ తేడా గీయడం పండితుల చర్చకోసం కాదు. గుట్టు భాషకు బడి అక్కర్లేదు, తల్లిభాషకు కావాలి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన పిల్లలకు తల్లిభాషలో మొదలుపెట్టి తెలుగులోకి తెచ్చే చదువు పెట్టింది. ఎనిమిది భాషలు తీసుకున్నారు. గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా. మంచి పనే. ఎరుకల షెడ్యూల్డు తెగే, అయినా వాళ్ళ భాష అందులో లేదు. ఎరుకలోళ్ళు ఒక కొండమీద గుంపుగా ఉండరు, ఊరికి పది ఇళ్ళుగా మైదానమంతా చెదిరి ఉంటారు, పాఠ్యపుస్తకం ఎవరికి వేయాలి అంటారు. చెదిరి ఉండటం ఎట్లా వచ్చిందో పైన చెప్పాను. తిరగొద్దని సెటిల్‌మెంట్లలో పెట్టిందీ సర్కారే, ఒకచోట లేరు గనక పుస్తకం లేదనేదీ సర్కారే.

చట్టం పోయింది గదా అనొచ్చు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో పోయింది. దాని జాగాలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చినాయి, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో. 2024 అక్టోబరులో, జైళ్ళలో కులవివక్ష మీద తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు, డీనోటిఫైడ్ తెగల వాళ్ళను ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయొద్దని పోలీసులకు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. డెబ్బై రెండేళ్ళ తర్వాత! తీర్పులో భాష ప్రస్తావన లేదు, ఉండాలని నేను అనను. కానీ రాత్రి బస్టాండులో కొత్త మాట వినిపిస్తే లాఠీ అటు తిరగడం వెనక ఆ పాత వినికిడి ఉంది.

కిందటేడు ఊరికి పోయినప్పుడు నా పాత స్నేహితుడి ఇంటికి పోయినాను. నోటు పుస్తకం తీసుకుపోయినాను. చెప్పొద్దూ, కుర్రు బాసలో ఇంటి సామాన్ల పేర్లు, చుట్టరికాల పేర్లు రాసుకుందామని. వాళ్ళమ్మ తట్ట అల్లుతూ ఉంది. నేను పుస్తకం తెరవగానే ఆమె చేతులు ఆగినాయి.

‘ఏందబ్బయ్యా, నువ్వూ రాసుకోవడానికేనా వచ్చింది?’ అంది.

‘చదువు కోసం అత్తా’ అన్నాను.

‘రాసుకునేటోళ్ళంతా చదువుకున్నోళ్ళేలే’ అని మళ్ళీ ఈతబరిక అందుకుంది.

పుస్తకం మూసేశాను. కాసేపటికి ఆమే, నన్ను చూడకుండా, పిల్లకు చెప్పినట్టు మనవరాలితో ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటి చూపించి పేర్లు అనడం మొదలుపెట్టింది. నీళ్ళు, నిప్పు, చెయ్యి. అవి విన్న తమిళుడెవడైనా సగం పోల్చుకుంటాడు. పక్క ఇంటివాణ్ణి, నాకు నలభై దగ్గరపడుతుండగా మొదటిసారి విన్నాను. ఆ పిల్ల మాత్రం ప్రతిదానికీ తెలుగులోనే బదులు చెప్పింది.

పిల్లను ఒకటో తరగతిలో చేర్చిన దరఖాస్తు నకలు గోడకు తగిలించిన సంచిలో ఉంటే మా వాడు తీసి చూపించినాడు. కులం కాలమ్‌లో ఎరుకల అని ఉంది, సర్టిఫికెట్టు కావాలి గనక. మాతృభాష కాలమ్‌లో తెలుగు. అయ్యవారు రాసినాడా అని అడిగాను.

‘లేదురా, నేనే చెప్పినా’ అన్నాడు. ‘కుర్రు అని రాస్తే అదేం బాసా అని అడగతారు. ఏమని చెప్పేది? మీరు పెట్టిన పేరొకటే వాళ్ళకు తెలుసు.’